కరిచింది ఏది, పరుగెత్తాల్సింది ఎక్కడికి, ఇంట్లో ఎలుకలకు ఏది పెట్టాలి

రాత్రి నిద్రలో ఎలుక కాలివేలు కొరికితే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. లైట్లు వేస్తారు, తెల్లారకముందే ఆసుపత్రికి బయల్దేరతారు. అదే వీధి కుక్కపిల్ల ఆడుతూ ఆడుతూ పిల్లాడి మోచేతిని గీరితే మాత్రం ‘ఏటీ అవదు, పిల్లకుక్కే కదా’ అని పసుపు అద్ది వదిలేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్లలో నేను చూసిన తీరు ఇదే. భయపడాల్సిన చోట ధైర్యం, ధైర్యంగా ఉండొచ్చు అన్న చోట టెన్షన్.

ఎలుక పళ్లతో రేబిస్ రావడం దాదాపు లేదు. కుక్కపిల్ల గోటి గీతతో రావచ్చు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే బతికించే మందు లేదు. ఎలుకతో ప్రమాదం లేదని కాదు. దాని ప్రమాదం పళ్లలో కన్నా మూత్రంలో, దాని ఒంటి మీద బతికే పురుగుల్లో, దాన్ని వెతుక్కుంటూ వచ్చే పాములో ఎక్కువ. కాబట్టి రెండింటికీ ఒకే రకం జాగ్రత్త సరిపోదు. దేనికి ఏది చేయాలో విడివిడిగా చూద్దాం.

ముందు ఏ జంతువో చూడండి

కుక్క, పిల్లి, కోతి, ముంగిస, నక్క. వీటిలో ఏది కరిచినా, గోటితో గీరినా రేబిస్ టీకా వేయించుకోవాల్సిందే. పిల్లిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. దాని పళ్లు సూదుల్లా సన్నగా ఉంటాయి, పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల మాత్రం గాయం లోతుగా దిగుతుంది. అందుకే పిల్లి కాటు కుక్క కాటు కన్నా ఎక్కువగా చీము పడుతుంది. టీకాతో పాటు యాంటీబయాటిక్ కూడా అవసరం కావచ్చు. గుడి మెట్ల దగ్గర అరటిపండు లాక్కునే కోతి గీరినా ఇదే వరస. ‘కోతికి పిచ్చి పట్టదు’ అనే మాట నిజం కాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి భయం కొత్తది కాదు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట వైపు తెల్లవారుజామున తోటకెళ్లే వాళ్లకి అది తెలిసిన సంగతే. ఎలుగు దాడిలో ముఖం, తల చీరుకుపోతాయి. అడవి జంతువు చేసిన గాయాన్ని రేబిస్ లెక్కలో అన్నింటికన్నా తీవ్రమైన తరగతిలోనే వేస్తారు. కుట్లు వేయించుకుని, రక్తం ఎక్కించుకుని ఇంటికొచ్చేసే హడావిడిలో రేబిస్ టీకా మాట మర్చిపోకూడదు. వెంట వెళ్లిన మనిషి అడగాలి.

ఆవులు, గేదెల విషయంలో మన ఊళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పశువు మేత మానేసి, నోటి వెంట చొంగ కారుస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని చెయ్యి నోట్లోకి పెట్టి వెతుకుతారు. కుక్క కరిచిన పశువు రేబిస్ వచ్చినప్పుడు కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా ఆ చొంగ చాలు. అలాంటి పశువును పశువుల డాక్టర్‌కి చూపించండి, నోట్లో చెయ్యి మాత్రం పెట్టకండి. దాని పాలు కాచి తాగిన వాళ్లకు ప్రమాదం లేదు. ఊరంతా సూదులకు పరుగెత్తక్కర్లేదు.

ఇక ఎలుక, చిట్టెలుక, ఉడుత, కుందేలు. ఇంట్లో తిరిగే ఎలుకలు కరిస్తే రేబిస్ టీకా సాధారణంగా అక్కర్లేదని మన జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ముంగిసనూ ఉడుతనూ ఒకే గాటన కట్టొద్దు. చూడ్డానికి రెండూ చిన్న జంతువులే అయినా ముంగిస రేబిస్ మోయగలదు.

గాయాన్ని బట్టి మూడు మెట్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మూడు తరగతుల్నే మన ఆసుపత్రుల్లోనూ వాడతారు. కుక్కను ముట్టుకోవడం, అన్నం పెట్టడం, చర్మం ఎక్కడా తెగకుండా నాకడం మొదటి తరగతి. దీనికి సబ్బుతో కడుక్కుంటే చాలు, టీకా అవసరం లేదు. రక్తం రాకుండా పళ్లు నొక్కుకోవడం, పైపైన గోరు గీరడం రెండోది. దీనికి టీకా కావాలి. రక్తం వచ్చిన కాటు లేదా గీత, తెగిన చర్మం మీదో కంట్లోనో నోట్లోనో చొంగ పడడం మూడోది. దీనికి టీకాతో పాటు గాయంలోకే వేసే సీరమ్ అనే మందు కూడా కావాలి.

రెండో తరగతికీ మూడో తరగతికీ మధ్యే ఎక్కువమంది తడబడతారు. రక్తం వచ్చిందో లేదో చెప్పలేకపోతే పెద్ద తరగతి కిందే లెక్కేసుకోవాలని నా అభిప్రాయం. పిల్లల విషయంలో మరీను. దెబ్బలు తింటామన్న భయంతో వాళ్లు ‘గీరింది’ అనే చెబుతారు, ‘కరిచింది’ అనరు. బట్టలు తీసి వెలుతురులో ఒళ్లంతా చూడండి. ముఖం, మెడ, తల, చేతివేళ్ల మీద గాయమైతే ఒక్క పూట కూడా ఆగొద్దు. రేబిస్ వైరస్ నరాల వెంట మెదడు వైపు పాకుతుంది. గాయం తలకి ఎంత దగ్గరైతే జబ్బు అంత త్వరగా బయటపడే అవకాశం ఉంది. మామూలుగా రెండు, మూడు నెలలు పట్టే జబ్బు కొందరిలో వారం రోజుల్లోనే వస్తుంది, మరికొందరిలో ఏడాది దాకా నిద్రపోతుంది. అందుకే ‘కరిచి నెలైంది, ఏమీ కాలేదుగా’ అనే ధైర్యం పనికిరాదు. నెల దాటాక గుర్తొచ్చినా వెళ్లి టీకా మొదలుపెట్టాల్సిందే.

కుళాయి నీళ్లా, పసరా

ఇందులో పోలికే లేదు. కుళాయి. పావుగంట పాటు ధారగా నీళ్లు వదులుతూ సబ్బుతో కడగాలి. ఒంటి సబ్బు లేకపోతే బట్టల సబ్బైనా సరే. రేబిస్ వైరస్ మీద కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను చెడగొడుతుంది. కుళాయి లేకపోతే ఒకరు చెంబుతో పోస్తూ ఉండాలి, ఇంకొకరు సబ్బు రాయాలి. పిల్లాడు ఏడుస్తుంటే రెండు నిమిషాలకే జాలిపడి ఆపేస్తారు. ఆపొద్దు, గడియారం చూసుకుని కడగండి. రక్తం వస్తున్నా కడగాలి. ఆ తర్వాత ఇంట్లో బెటాడిన్ లాంటి అయోడిన్ మందు ఉంటే రాయండి.

పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, కిరసనాయిలు, ఆకు పసరు, ఇవేవీ పెట్టకూడదు. అవి గాయాన్ని మండించి వైరస్‌ను ఇంకా లోపలికి తోస్తాయి, తర్వాత సీరమ్ వేయడానికీ అడ్డొస్తాయి. గట్టిగా కట్టు కట్టడం, వెంటనే కుట్లు వేయించడం కూడా వద్దు. తప్పనిసరిగా కుట్టాల్సిన గాయమైతే సీరమ్ వేశాకే, వదులుగా వేస్తారు.

ఊళ్లో పసరు మందు ఇచ్చే పెద్దాయన మీద నమ్మకం ఉండొచ్చు. ఆయన ఇచ్చిన మందుతో బాగైన వాళ్లు ఉన్నారని చెబుతారు కూడా. ఆ కుక్కకు రేబిస్ లేకపోబట్టే వాళ్లకేమీ కాలేదు. కుక్కకు రేబిస్ ఉన్నప్పుడు ఏ పసరూ పనిచేయదు. ఆయన్ని గౌరవించండి, సూది మాత్రం మానకండి.

సర్కారు దవాఖానా, ప్రైవేటా

ఇప్పటికీ ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు’ అని భయపడేవాళ్లున్నారు. పాత గొర్రె మెదడు టీకా కాలం నాటి మాట అది. దాని తయారీని మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. ఇప్పుడున్నవి కణాల్లో పెంచి తయారుచేసే టీకాలు, చేతికో, చిన్నపిల్లలకైతే తొడకో వేస్తారు.

వేసే పద్ధతులు రెండు. సర్కారు ఆసుపత్రుల్లో చాలావరకు చర్మంలోకి వేస్తారు. మొదటి డోసు రోజును 0 అనుకుంటే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు సార్లు వెళ్లాలి. వెళ్లినప్పుడల్లా రెండు చేతులకూ 0.1 మిల్లీలీటరు చొప్పున ఒక్కో చుక్క. సూది దిగిన చోట చర్మం పెసరగింజంత బుడిపెలా లేస్తుంది. అది లేచిందంటే సరిగ్గా చర్మంలోకే పడిందన్నమాట. లేవకుండా లోపలికి దిగిపోతే నర్సమ్మకు చెప్పండి, మళ్లీ వేస్తారు. ప్రైవేటులో ఎక్కువగా కండలోకి వేస్తారు. 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు సార్లు. పెద్దవాళ్లకు భుజం కండకి, చిన్నపిల్లలకు తొడ ముందు వైపు. పిరుదుకి మాత్రం వేయకూడదు. అక్కడి కొవ్వులో టీకా సరిగ్గా పనిచేయదు. ఎవరైనా అక్కడ వేయబోతే ఆపి అడగండి.

రక్షణలో రెండు పద్ధతులూ సమానమే. ‘చుక్క మందు తక్కువ, కాబట్టి బలం తక్కువ’ అనేది అపోహ. చర్మంలో మన రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి కాబట్టే అంత చిన్న మోతాదు సరిపోతుంది. డబ్బుల తేడా మాత్రం పెద్దది. సర్కారు ఆసుపత్రిలో ఉచితం, ప్రైవేటులో ఒక్కో డోసుకూ కొన్ని వందలు, పైగా డాక్టర్ ఫీజు. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషికైతే నా ఓటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే (పీహెచ్‌సీ). దగ్గర్లో ఉంటుంది కాబట్టి నాలుగు సార్లూ మానకుండా వెళ్తారు. రేబిస్ టీకాలో అసలు నష్టం ఎక్కడ జరుగుతుందంటే మూడో డోసు తర్వాత మానేయడంలో. ఉభాల (వరి నాట్ల) రోజుల్లోనో నూర్పుల రోజుల్లోనో కరిస్తే 28వ రోజు ఎవరికీ గుర్తుండదు. చీటీని తలుపు మీద అంటించండి, ఊరి ఆశా కార్యకర్తకో సచివాలయం ఏఎన్ఎంకో తేదీలు చెప్పి ఉంచండి. ఒకవేళ రోజు తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, వెంటనే వెళ్లి మిగిలినవి పూర్తి చేస్తే చాలు. ఒక పద్ధతిలో మొదలుపెట్టి మధ్యలో ఇంకో పద్ధతికి మారకపోవడం మంచిది.

అందరికీ ఒకటే సలహా చెప్పలేను. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునే వాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, హెచ్ఐవీ ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు రెండో తరగతి గాయానికి కూడా సీరమ్ ఇస్తారు, టీకా పద్ధతి కూడా మారవచ్చు. ఉద్దానం ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. అక్కడ ప్రతి వీధిలో కిడ్నీ రోగి ఉన్న ఊళ్లున్నాయి. గర్భిణులు, బాలింతలు టీకా నిస్సంకోచంగా వేయించుకోవచ్చు. ఇక పత్యం సంగతి. వంకాయ మానక్కర్లేదు, చేపా మానక్కర్లేదు. మామూలుగా తినండి.

సీరమ్ ఎక్కడ, ఏ రకం

టీకా ఒంట్లో రక్షణ తయారుచేయడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆ లోపు వైరస్‌ను గాయం దగ్గరే అడ్డుకునేది సీరమ్. దాన్ని గాయంలోకి, గాయం చుట్టూ వేస్తారు. నొప్పిగానే ఉంటుంది. ‘గాయం మీద సూదేమిటి, చేతికి వేయండి’ అని గొడవపడేవాళ్లు ఉంటారు. గాయంలో వేస్తేనే దాని పని జరుగుతుంది.

గుర్రం రక్తం నుంచి తీసిన సీరమ్ చవక, కిలో బరువుకు 40 యూనిట్లు వేస్తారు. మనుషుల రక్తం నుంచి తీసింది ఖరీదు, కిలోకి 20 యూనిట్లు. యాభై కిలోల మనిషికి మొదటిది 2,000 యూనిట్లు, రెండోది 1,000 యూనిట్లు. గుర్రం సీరమ్‌తో కొందరికి ఎలర్జీ రావచ్చు కాబట్టి ఆసుపత్రిలో కాసేపు కూర్చోబెట్టి చూస్తారు. ఇప్పుడు శుద్ధి బాగా పెరిగింది, భయపడాల్సినంత లేదు. ఈ రెండూ కాక, రక్తం నుంచి కాకుండా ల్యాబులో తయారుచేసే మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజక్షన్లు కూడా మన దేశంలోనే తయారవుతున్నాయి. మూడింటిలో ఏది మంచిదని ఆలోచిస్తూ కూర్చోవడం కన్నా ఏది ముందు దొరికితే అది వేయించుకోవడమే సరైన ఎంపిక. ఖరీదైనది దొరకలేదని చవకది వదులుకోవడం మాత్రం ఘోరమైన పొరపాటు.

పీహెచ్‌సీల్లో సాధారణంగా టీకా ఉంటుంది కానీ సీరమ్ ఉండకపోవచ్చు. శ్రీకాకుళం రిమ్స్, టెక్కలి జిల్లా ఆసుపత్రి, విజయనగరం సర్వజన ఆసుపత్రి, అవసరమైతే విశాఖ కేజీహెచ్, ఇలా పెద్దాసుపత్రులకు వెళ్లాలి. ఇచ్ఛాపురం వాళ్లకు బరంపురం మెడికల్ కాలేజీయే దగ్గర. వెళ్లేముందు స్టాక్ ఉందో లేదో పీహెచ్‌సీ డాక్టర్ చేతనే ఫోన్ చేయించండి. ఇంకో సంగతి: సీరమ్ కోసం టీకా ఆపకండి. మొదటి డోసు ఈ రోజే దగ్గర్లో వేయించుకుని, సీరమ్‌కి ఈ రాత్రో రేపు పొద్దున్నో బయల్దేరండి. మొదటి డోసు పడ్డాక ఏడు రోజుల లోపు సీరమ్ వేయవచ్చు. ఆ తర్వాత వేయరు. ఇంతకుముందు టీకా కోర్సు పూర్తిచేసిన వాళ్లకి మళ్లీ కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరమ్ అక్కర్లేదు. అందుకే పాత చీటీ పారేయకండి. ధనుర్వాతం సూది సంగతీ అప్పుడే అడగండి.

కుక్కను పది రోజులు చూద్దామా?

పెంపుడు కుక్క అయితే చాలామంది ఇదే అంటారు. చూడొచ్చు, కానీ టీకా మొదలుపెట్టి చూడాలి. కరిచిన రోజు నుంచి పది రోజులు కుక్క గానీ పిల్లి గానీ ఆరోగ్యంగా తిని తిరుగుతుంటే, మిగిలిన డోసుల సంగతి డాక్టర్ నిర్ణయిస్తారు. ఈ పది రోజుల లెక్క కుక్కకీ పిల్లికీ మాత్రమే. కోతికీ ముంగిసకీ వర్తించదు. వీధి కుక్క అయితే ఎక్కడికి పోయిందో తెలియదు, కాబట్టి పూర్తి కోర్సే. కుక్కను చంపేస్తే ఆ పది రోజుల ఆధారం కూడా పోతుంది. మా కుక్కకి టీకా వేయించాం అని పక్కింటివాళ్లు చెప్పినా మీ టీకా మీరు మొదలుపెట్టండి. వాళ్ల మీద అపనమ్మకంతో కాదు, ఆ టీకా ఎప్పుడు వేశారు, సరిగ్గా పనిచేసిందా అన్నది ఆ నిమిషంలో ఎవరూ తేల్చలేరు కాబట్టి.

ఎలుక కొరికితే

సబ్బుతో కడగడం ఇక్కడా ఉంది. ధనుర్వాతం సూది చూసుకోవాలి. గాయం లోతుగా ఉన్నా, షుగర్ ఉన్నవాళ్లైనా డాక్టర్‌కి చూపించాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు రాత్రి ఎలుక కొరికినా తెలియదు. పొద్దున్న దుప్పటి మీద రక్తం చూసి కనుక్కుంటారు. అలాంటి పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే రోజూ పాదాలు చూడండి, నేల మీద కాకుండా మంచం మీద దోమతెర కట్టి పడుకోబెట్టండి.

ఆ తర్వాత మూడు వారాలు జ్వరం మీద కన్నేసి ఉంచాలి. ఎలుక కాటు జ్వరం అని ఒకటుంది, దాని నోట్లోని సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. ఒక రకం మూడు నుంచి పది రోజుల్లో, ఆసియాలో ఎక్కువగా కనిపించే ఇంకో రకం ఒకటి నుంచి మూడు వారాల్లో మొదలవుతుంది. మానిపోయిన గాయం మళ్లీ వాచడం, జ్వరం వచ్చి పోయి మళ్లీ రావడం, ఒంటి మీద దద్దుర్లు, కీళ్ల నొప్పులు దాని గుర్తులు. పెన్సిలిన్‌తో నయమవుతుంది. కానీ ఎలుక కొరికిందన్న మాట మీరు చెబితే తప్ప డాక్టర్‌కి ఆ అనుమానం రాదు.

కరవని ఎలుకతోనే పెద్ద చిక్కు

మన జిల్లాల్లో వర్షాలు మొదలైనప్పటి నుంచి చలికాలం దాకా వచ్చే జ్వరాలన్నీ మొదటి రెండు రోజులు ఒకేలా ఉంటాయి. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు ఎలాగూ రాస్తారు. అవన్నీ లేవని తేలినా జ్వరం తగ్గకపోతే రెండు పేర్లు గుర్తుంచుకోండి: స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్.

స్క్రబ్ టైఫస్ ఎలుక నుంచి నేరుగా రాదు. ఎలుకల మీద, పొదల్లో, గడ్డిలో బతికే చిగ్గర్ అనే నలుసంత పురుగుపిల్ల కుడితే వస్తుంది. కుట్టినప్పుడు నొప్పి ఉండదు. వారం, పది రోజుల తర్వాత తీవ్రమైన జ్వరం, తలనొప్పి. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కట్టిన మచ్చ. అది అందరికీ కనిపించదు, కనిపించేవాళ్లకి కూడా చూడని చోట ఉంటుంది: చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, మొలతాడు ఒరుసుకునే నడుం దగ్గర. ఆసుపత్రిలో సిగ్గుపడి చూపించరు కాబట్టి ఇంట్లోనే వెతికి, ఉంటే డాక్టర్‌కి చెప్పండి. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతో చాలామందికి రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. జీడితోటలో పిక్కలు ఏరేవాళ్లు, కట్టెలకీ గడ్డికీ వెళ్లేవాళ్లు ఇంటికి రాగానే బట్టలు మార్చి ఒళ్లు రుద్దుకుని స్నానం చేస్తే ఈ ముప్పు చాలా తగ్గుతుంది.

లెప్టోస్పైరోసిస్ ఎలుక మూత్రం కలిసిన నీళ్ల నుంచి వస్తుంది. దమ్ము మళ్లలో, మురుగు కాలువలో, తుపాను తర్వాత నిలిచిన నీళ్లలో పగిలిన మడమలతో నడిచినవాళ్లకు ప్రమాదం ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ లాంటి తుపాను వచ్చి వెళ్లాక ఊళ్లలో బురద ఎత్తే రోజులు గుర్తున్నాయి కదా, అలాంటి పనికి బూట్లు వేసుకోవాలి. కాలి పిక్కలు పట్టుకుంటే ఓర్చుకోలేనంత నొప్పి, కలక లేకుండానే కళ్లు ఎర్రబడడం, తర్వాత పచ్చకామెర్లు, మూత్రం తగ్గడం దీని గుర్తులు. ఇది కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది. ఇప్పటికే కిడ్నీలు బలహీనంగా ఉన్న ఉద్దానం వాసులు ఒళ్లు నొప్పులని ఊళ్లో నొప్పి సూదులు పొడిపించుకోవడం మరీ ప్రమాదం. ఆ సూదులే కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని రక్తపరీక్షకు వెళ్లండి.

మూడో ముప్పు పాము. ధాన్యం బస్తాల వెనక ఎలుకలుంటే వాటి కోసం పాము వస్తుంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం చూస్తే ‘ఎలుకేదో కొరికిందేమో’ అని ఆగకుండా 108కి ఫోన్ చేయండి. రాత్రి ఏది కొరికిందో చూడని ప్రతి కాటునూ పాముకాటు అనుమానంతోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నది నా గట్టి మాట.

ఇంట్లో ఎలుకలకు ఏది పెట్టాలి

ఖరీఫ్ కోతలయ్యాక పొలంలో ఎలుకలు ఇళ్ల దారి పడతాయి. కొట్లో మందుల వరసను చూసి ఏది బలమైనదని అడుగుతారు. ఆ ప్రశ్న రెండోది. మొదటిది, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? చిట్టెలుకకు చిటికెన వేలు దూరేంత సందు చాలు. తలుపు కింద రేకు కొట్టించడం, గోడ కన్నాల్లో ఇనుప పీచు కుక్కి సిమెంటు పూయడం, బాత్రూం గొట్టానికి జాలీ, బస్తాల్ని గోడకు దూరంగా చెక్కల మీద పేర్చడం, రాత్రి అంట్లు తోమేయడం. ఇవి చేయకుండా ఎన్ని చంపినా వాటి చోటికి కొత్తవి వస్తాయి.

ఇది చేశాక కూడా లోపల ఉన్నవాటికి, పిల్లలున్న ఇంట్లో నా మొదటి ఎంపిక బోను. ఎర కొబ్బరి ముక్కో ఎండు నెత్తళ్లో అయితే బాగా పనిచేస్తుంది. రెండు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి ఎర మాత్రం తిననివ్వండి, మూడో రాత్రి ఎక్కుపెట్టండి. గోడవారగా పెట్టాలి, గది మధ్యలో ఎలుక నడవదు. స్ప్రింగు ఉచ్చు త్వరగా పని కానిస్తుంది, కానీ పాకే పిల్లలున్న చోట వద్దు. జిగురు అట్టను నేను వద్దనే అంటాను. ఎలుక గంటల తరబడి బతికే ఉండి అరుస్తూ, అక్కడే మూత్రం పోస్తూ గిలగిల్లాడుతుంది. ఆ స్థితిలో దాన్ని తీయబోయిన చేతినే కొరుకుతుంది. పిల్లిని పెంచితే చిట్టెలుకలు తగ్గుతాయి, పందికొక్కు జోలికి మాత్రం చాలా పిల్లులు పోవు. పిల్లికి ఏటా రేబిస్ టీకా వేయిస్తానంటేనే పెంచండి.

మందుల్లో తేడాలు తెలుసుకోకుండా కొనొద్దు. బ్రోమాడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక కొన్ని రోజుల తర్వాత లోపల రక్తస్రావంతో చస్తుంది. అటక మీద చచ్చి కంపు కొట్టొచ్చు, దాన్ని తిన్న కుక్కకో గుడ్లగూబకో విషం ఎక్కొచ్చు. కానీ పొరపాటున పిల్లలు తింటే దీనికి విటమిన్ కె అనే విరుగుడు ఉంది. నల్లటి జింక్ ఫాస్ఫైడ్ పొడికి విరుగుడు లేదు. అది పొలం గట్ల మీద, ఊరంతా కలిసి ఒకే రోజు పెట్టే మందు. ధాన్యంలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుంచి వచ్చే వాయువు నిద్రలోనే మనుషుల్ని చంపుతుంది. పడుకునే గదిలో, దాని పక్క గదిలో అస్సలు వద్దు. ట్యూబుల్లో అమ్మే పసుపు భాస్వరం పేస్టును అయితే ఇంట్లోకే రానివ్వకండి. చూడ్డానికి పళ్లు తోముకునే పేస్టులాగే ఉంటుంది. తిన్న పిల్లాడు ఒకటి రెండు రోజులు బాగానే ఆడుకుంటాడు, ఆ తర్వాత కాలేయం చెడిపోతుంది, విరుగుడు లేదు.

చచ్చిన ఎలుకను చేత్తో పట్టుకోకుండా ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తీసి లోతుగా పూడ్చండి. పెంటికల్ని పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము ముక్కులోకి పోతుంది. ఒక పాలు బ్లీచింగ్ ద్రవానికి పది పాళ్లు నీళ్లు కలిపి చల్లి, పది నిమిషాలు నాననిచ్చి గుడ్డతో తుడవండి. పిల్లలు ఏ మందైనా నోట్లో పెట్టుకున్నారన్న అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. మందు ప్యాకెట్టో ట్యూబో చించినదైనా సరే వెంట తీసుకుని, పిల్లాడు నవ్వుతూ ఆడుకుంటున్నా సరే, ఆసుపత్రికి బయల్దేరండి. ఏ మందు తిన్నాడో తెలిస్తేనే డాక్టర్ ఏ చికిత్స మొదలుపెట్టాలో నిర్ణయించగలరు.